‘వాళ్లొస్తే మేమూ వస్తాం’ అన్నదాన్ని లెక్కలోకి తెచ్చిన అక్కయ్య

1991 ఆగస్టు 5న మా విపత్తు పునర్నిర్మాణ విభాగంలో గణాంక సహాయకురాలిగా చేరిన మా సహోద్యోగిని, వరదో తుపానో ముంచెత్తిన ఊరు ఎప్పటికి, ఎంతమేరకు కోలుకుంటుందో అంచనా వేసే నమూనాల రూపకల్పనకే తమ వృత్తిజీవితాన్ని అంకితం చేసి, ఈ నెలాఖరున సంయుక్త సంచాలకుల హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆఫీసులో అందరికీ ఆమె లెక్కలక్కయ్య. ఆమె చేతికి వెళ్లిన ముసాయిదా ఎర్రసిరా పడకుండా తిరిగి రావడం నేనెరుగను, నావైతే మరీను.

తొలినాళ్లలో కాగితం మీద, తరువాత కంప్యూటరుపై, ఇళ్లు, బడి, కరెంటు, ఉపాధి వీటిలో ఏది ముందు నిలబడితే మిగిలినవి త్వరగా లేస్తాయో తేల్చే పద్ధతిని ఆమె ఓపికగా తీర్చిదిద్దారు.

ఆమె మా విభాగంలోని గణాంక శాఖకు అధిపతి అయిన మరుసటి ఏడే ఏటి ఒడ్డు వీధి మునిగింది. అక్కడివారిలో సగం మంది కూడా తిరిగి రారని ఆమె నమూనాయే చెప్పింది. దాని ఆధారంగా, ఆ వీధికి నీళ్లు, కరెంటు పునరుద్ధరించకుండా కుటుంబాలను తలో చోటికీ పంపే ఉత్తర్వు సంతకానికి సిద్ధమైంది. అక్కయ్యగారికి మనసొప్పలేదు. నన్ను వెంటబెట్టుకుని సహాయ శిబిరానికి బయలుదేరారు.

“మళ్లీ ఇంటికి వెళ్తారా అమ్మా?” అని అడిగితే, ఒక పెద్దావిడ పక్క చాప మీది పొరుగింటివాళ్ల వైపు చూసి, “వాళ్లొస్తే మేమూ వస్తాం. ముందు వాళ్లనడగండి” అన్నారు.

ఆ పొరుగింటి కోడలు, “మమ్మల్నడుగుతారేంటి, వాళ్లు కదిలితే మేం ఆగుతామా?” అంది.

కచ్చితంగా వస్తామన్నవారినే లెక్కించే మా నమూనా ఇలాంటి జవాబులన్నింటినీ ‘రారు’ కింద జమకట్టింది. ఆ నియమం పెట్టింది అక్కయ్యగారే.

మర్నాటి సమావేశంలో సంచాలకులు, “లెక్క మీదే కదమ్మా, ఇప్పుడు మీరే కాదంటే ఎలా?” అన్నారు.

“నాది కాబట్టే కాదంటున్నానండీ. తప్పు నాది, శిక్ష వాళ్లకా?”

ఉత్తర్వు ఆగింది. ఇరుగుపొరుగును ఒకే జట్టుగా లెక్కించేలా ఆమె నమూనాను తిరగరాసి, బాగుచేసిన ఇళ్ల తాళాలు అందరికీ ఒకే రోజు ఇప్పించారు. దాదాపు వీధంతా తిరిగొచ్చింది. పదిమందిలో నా లెక్క తప్పని చెప్పుకొనే గుండె నాకైతే లేదు. ఆమెను చూస్తే నాకు గర్వం.

ఈ వీడ్కోలు సభకు ఆ వీధి నుంచి ఇద్దరిని ఆహ్వానించాం. “ఇద్దరమే ఎలా వస్తామండీ? అందరం వస్తాం, కుర్చీలు చూసుకోండి” అని కబురొచ్చింది. చాలకపోతే మేం నిలబడతాం. అంతమంది దీవెనలు అందుకుంటున్న అక్కయ్యగారు, బావగారితో, పిల్లలతో నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.