మగ సింహం కడుపులో తీసిన ఫోటోలు

కథ చిన్నదేనట. కాఫీ చల్లారేలోపు అయిపోతుందని మా పడవలవాడు ఫిదెన్సియోనే చెప్పాడు. కాఫీ చల్లారింది, కొట్టు నడిపే దోన్యా తెక్లా దాన్ని మళ్ళీ వేడిచేసింది (ఆవిడ కాఫీకి అదేం కొత్త కాదు), చేప టాకోలు కూడా అయిపోయాయి. కథలో మనిషి ఇంకా పడవే ఎక్కలేదు.

ఆ ఉదయం మెక్సికోలోని లా పాస్ రేవులో పడవలవాళ్ళమంతా తెక్లా కొట్లోనే ఉన్నాం. సముద్ర పార్కు గార్డు ఎవారిస్తో వచ్చాడు మరి. సముద్ర సింహాలు, అదే సీ లయన్లు, ఉండే బండల దగ్గరికి ఫోటోలవాళ్ళని తీసుకెళ్ళి నీళ్ళలోకి దించే పర్మిట్టు ఈ సీజనుకి ఒక్కటే మిగిలింది, ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే. అది రాకపోతే ఫిదెన్సియో బావమరిది కొట్లో కూర్చుని చేపలు కోసుకోవాలి. బావమరిది అప్పుడే ఒక ఏప్రను కొని ఉంచాడు. దాని రంగు కూడా నాకు తెలుసు, కానీ ఒకరింటి సంగతులు నాకెందుకు.

"చిన్న సంగతే, దోన్ ఎవారిస్తో," అని మొదలెట్టాడు ఫిదెన్సియో (మగవాళ్ళకి దోన్, ఆడవాళ్ళకి దోన్యా, 'గారు' అన్నట్టు). "ఒక పిల్ల సింహం, ఒక ఫోటో, అంతే. కాకపోతే ముందు ఆ డైవింగు సూటు గురించి చెప్పాలి. అది మా బావమరిదిది. వాడి పొట్ట మీరు చూసే ఉంటారు. ఆ సూటు నేను తొడిగితే లోపల ఇంకో మనిషికి చోటుంది, ఆ చోటులోకి నీళ్ళు చేరి, నీళ్ళతో పాటు రెండు చేపలు చేరి, అవి చక్కిలిగిలి పెడుతుంటే..."

"పిల్ల సింహం సంగతేమిటి?" అంది తెక్లా.

"వస్తున్నా దోన్యా. మునిగాను. పిల్ల వచ్చింది, కాలికి తొడుక్కున్న ఈతరెక్క కొరికింది. అది అందరివీ కొరుకుతుంది, నేను గొప్పలు చెప్పే మనిషిని కాను. కెమెరా గాజులో దాని మొహం దానికే కనపడింది. ఇటు తిరిగి ఒక ఫోటో అడిగింది, అటు తిరిగి ఒకటి అడిగింది, పోయి వాళ్ళక్కని పిలుచుకొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిన్నమ్మలు, మేనత్తలు, పుట్టింటికొచ్చిన ఆడపడుచులు, బండ మీద ఒక్క ప్రాణి మిగల్లేదు! పొట్టివి ముందు, పొడుగువి వెనక, పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాయి. ఒక ముసల్ది మీసాలు కూడా సర్దుకుంది."

"అంతసేపు ఊపిరెట్లా?" అన్నాను నేను. అడక్కపోతే బాధపడతాడు.

"మంచి మాట అడిగావు. సిలిండరు ఎప్పుడో ఖాళీ. ఒక ఆడ సింహం పైకెళ్ళి, గాలి పీల్చుకొచ్చి నా మూతి దగ్గర వదిలింది. సార్డీను చేపల వాసన కొట్టింది, కాదనను. ఊపిరాడుతుంటే వాసనకి వంక పెడతామా? అప్పుడొచ్చాడయ్యా పెద్ద మగాడు! నెత్తి మీద బుడిపె తెక్లా పొయ్యంత. నా మొహం మీద బుడగలు ఊదాడు. 'ఇది నా చోటు, నడువు' అని. నేనూ ఊదాను. వాడు ఊదాడు, నేను ఊదాను. వాడికి ఆయాసమొచ్చి నోరు తెరిచాడు. తెరిచిన నోరు ఫోటోవాడికి మళ్ళీ దొరుకుతుందా? దూరాను."

"ఎంతవరకు?" అంది తెక్లా.

"మొదట నడుం దాకానే. సగం మనిషి బయట ఉండి చేసేదేముందని మొత్తం దిగాను. పళ్ళు తీశాను, నాలుక తీశాను, కొండనాలుక తీశాను. కడుపులో పోయినేడు ఇక్కడ కూర్చున్న మా నసారియో పారేసుకున్న లంగరు ఉంది, అదీ తీశాను. నోటిమాటెందుకు, చూడండి."

ఫోను చేతులు మారింది. ఫోటోలన్నీ తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి.

"ఏం కనపడట్లేదే!" అంది తెక్లా.

"కడుపులో దీపమెవరు పెడతారు దోన్యా? ఫ్లాష్ కొడితే పాపం వాడికి దగ్గొస్తుందని కొట్టలేదు."

ఎవారిస్తో ఫోను తిరిగి తెక్లాకిచ్చాడు. "ఇది ఎప్పటి సంగతి?" అన్నాడు.

"మొన్న జులైలో. పిల్లలు పుట్టే రోజులు కదండీ, అందుకే చుట్టాలంతా ఇంటి పట్టున ఉన్నారు."

జూన్ నుంచి ఆగస్టు దాకా సింహాలు పిల్లల్ని పెడతాయి, అప్పుడు అక్కడ నీళ్ళలో ఎవరూ దిగకూడదు. పడవలోంచి చూడటం వరకే. దిగినవాడి పడవని ఆపేస్తారు. ఇది ఫిదెన్సియోకి తెలియక కాదు, కథ జోరులో నెల చూసుకోలేదు.

గార్డు కప్పు కింద పెట్టాడు. "జులైలో నీళ్ళలో దిగారా, దోన్ ఫిదెన్సియో?"

ఫిదెన్సియో కంటే ముందు నసారియో లేచాడు. ఫిదెన్సియో కొడుక్కి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్నది ఇతనే, అప్పట్నుంచి ఒకరినొకరు కొంపాద్రే అనుకుంటారు. మామూలుగా నసారియో తరఫున అతని పడవ ఇంజనే మాట్లాడుతుంది.

"వీడు దిగలేదండీ. ఆ రోజు పడవ నడిపింది నేను. నీళ్ళు మోకాలు దాటితే వీడికి గుండె జారిపోతుంది. కెమెరా దానంతటదే తీసేట్టు పెట్టి, తాడు కట్టి పక్కనుంచి వదిలాడు. అదీ లెన్సు మూత తియ్యకుండా! మూతతోనే గాజు పెట్టెలో పెట్టి బిగించేశాడు. పైకి లాగాక చూస్తే లోపల మూత నన్ను చూసి నవ్వింది. ఇంక సింహాలేం కనపడతాయి, వీడి బొంద."

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. తెక్లా నల్ల ఫోటో చూస్తూ కళ్ళు తుడుచుకుంది. గార్డు కూడా నవ్వి మళ్ళీ కప్పు అందుకున్నాడు.

"నాకూ అట్లానే అనిపించింది. దోన్ ఫిదెన్సియో, 'దిగలేదు' అని ఒక్క మాట మీ నోటితో అనండి. పర్మిట్టు మీకే ఇచ్చి పోతాను."

"అను కొంపాద్రే," అన్నాడు నసారియో.

ఫిదెన్సియో నవ్వుతున్న మొహాలన్నీ ఒకసారి చూశాడు. తెక్లా చేతిలోంచి ఫోను తీసుకుని, చొక్కాకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దిగాను," అన్నాడు. "ఒకసారి కాదు. ఆదివారం మళ్ళీ వెళ్ళి దిగాను."

ఏడాది పాటు అతని పడవ ఆ బండల వైపు వెళ్ళకూడదన్నారు. పర్మిట్టు నసారియోకి ఇచ్చారు.