నాన్న ఇచ్చిన అట్ట

కుట్టుమిషన్ల గదిలో, అద్దం ముందు స్టూలు మీద చెల్లెలు నిలబడి ఉంది. మెడలో టేపుతో, చేతిలో గుండుసూదులతో టైలరు అక్క.

“కదలకే, సూది దిగుతుంది.”

“దిగితే దిగనీ. నా రక్తం చూసైనా, పరీక్షకి నీ రక్తం ఇస్తావేమో చూద్దాం.”

“మళ్లీ మొదలుపెట్టావూ? చెయ్యెత్తు.”

“అక్కా, మేనత్తకి అండాశయం కాన్సరు రావడానికి జన్యువులో తేడా కారణమన్నారు. నాన్నకి పరీక్ష చేస్తే ఆయనకీ ఉంది.”

“నాన్నకి అండాశయం ఎక్కడుందే?”

“ఎందుకుండాలి? పోస్టుమేను మోసే ఉత్తరాలన్నీ ఆయనకొచ్చినవేనా?”

“అబ్బో! డాక్టరమ్మ దగ్గర ఓ పూట కూర్చుని వచ్చేసరికి నోరు బాగా లేచిందే. ఇటు తిరుగు.”

“ఆ మిషను మీద, నడుము కుట్లు విప్పిన స్కర్టు ఎవరిది?”

“ఎవరో లావుపాటి ఆవిడది. నీకెందుకు?”

“సరే, నీ పనిలోనే చెప్తా. గోడకి వేలాడే ఆ కొలతల అట్టల్లో ఒకటి తప్పు కోశావనుకో.”

“నేను తప్పు కొయ్యను.”

“అనుకో తల్లీ!”

“కోస్తే… దాంతో కత్తిరించిన ప్రతి గుడ్డకీ అదే తప్పు.”

“ఆఁ! నాన్న దగ్గర రెండట్టలున్నాయి. ఒకటి మంచిది, ఒకటి తప్పుది. మనలో ఒక్కొక్కరికీ ఏదో ఒకటే ఇచ్చాడు. ఏదిచ్చాడో చూడందే తెలీదు.”

“నీకేదిచ్చాడు?”

“మంచిదే.”

“చూశావా! చిన్నప్పట్నుంచీ ఇంట్లో మంచివన్నీ నీకే. పోన్లే, నీకు రాలేదంటే నాకూ రాదు.”

“నాన్న ముక్కు నాకు రాలేదు. మరి నీకో?”

“ముక్కు జోలికి రాకు, చెప్తున్నా.”

“నాకు భయంగా ఉందక్కా, అందుకే నస పెడుతున్నా. ఆ తేడా ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చేసినట్టు కాదు. వచ్చే అవకాశం ఎక్కువ, అంతే. ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చు. పాపం మేనత్త, అదే ఆ జబ్బని తెలీక, కడుపుబ్బరం, అరగట్లేదు అంటూ ఆర్నెల్లు మాత్రలు మింగింది.”

“…నడుము ఇరవై ఎనిమిది. రాసుకో.”

“నేను రాసుకోవడమేంటి? టైలరువి నువ్వు కదా!”

“అవునవును. అది కాదూ… రెండు ముద్దలకే కడుపు నిండిపోయేదా, మేనత్తకి?”

“అవును. నీకెవరు చెప్పారు?”

“స్టూలు దిగు.”

“సూదులింకా తియ్యందే—”

“దిగవే. డాక్టరమ్మ ఎన్నింటిదాకా ఉంటుంది?”

“ఆరింటిదాకా. అదేంటి, ఇంతసేపూ రానని మొండికేసి…”

“ఆ మిషను మీది స్కర్టు నాదేనే. రెండు నెలల్లో నడుము వదులు చెయ్యడం ఇది మూడోసారి.”