చీటీలో పేరు రాని పిల్లలు

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, నాతో ఇన్నేళ్లు వేగిన సహోద్యోగులకు, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

డైరెక్టరు గారు నన్ను అరగంట పొగిడారు. అతి వినయం ధూర్త లక్షణం అనేది మా నాయనమ్మ. అతి పొగడ్త సంగతేమిటో చెప్పకుండానే పోయింది. నాది మొదట్నుంచీ అనుమానపు బుర్ర. పాలబ్బాయి నవ్వుతూ పలకరించాడంటే, ఆ పూట పాలు కాచి మీగడ చూశాక గానీ నేను నవ్వను. అందుకేనేమో, అన్ని పొగడ్తల మధ్య నాకు ఒక్క మాటే వినపడింది: "మేడమ్ గారి పరిశోధన వల్లే చిన్నపిల్లల బడులు మూసెయ్యాలన్న నిర్ణయం ఇంత తేలికయింది." పూలగుత్తి చేతిలో పెట్టి నేరం నెత్తిన పెట్టడమంటే ఇదే కాబోలు.

పాతికేళ్ల కిందట మన సంస్థ మొదటి బడి తెరిచినప్పుడు, ఉన్న సీట్లకు రెట్టింపు పిల్లలొచ్చారు. చీటీలు తీశాం. పేరొచ్చిన నాలుగేళ్ల పిల్లలు బళ్లోకి, రానివాళ్లు ఇంటికి. ఆ తర్వాత ఏటా రెండు జట్ల ఇళ్లకూ వెళ్లి, ఏం నేర్చుకున్నారు, ఎలా ఉన్నారు అని అడిగి రావడం నా పని. మొదట్లో బడి పిల్లలు బాగా ముందుండేవారు. పోనుపోను ఆ తేడా కరిగిపోయింది, బడి వల్ల ఒరిగిందేమీ లేదని లెక్కల్లో తేలింది. నేను ఊరుకున్నానా? పెద్దబడి పంతుళ్లను అనుమానించాను, తల్లిదండ్రులు కోతలు కోస్తున్నారని అనుమానించాను, అదిగో వెనక కూర్చుని నవ్వుతున్నారే, ఆ లెక్కల విభాగం వాళ్లను "మీకసలు కూడికలు వచ్చా?" అని మొహం మీదే అడిగాను. చాలాకాలం నాతో మాట్లాడలేదు పాపం. (నవ్వులు)

ఇవాళ సభకు ముందు, టీ తాగే చోట ఒక నర్సమ్మ నన్ను పట్టుకుంది. చీటీలో పేరు రాని పిల్ల. చిన్నప్పుడు తలుపు వెనక నక్కి జవాబులు చెప్పేది. రిటైరయ్యే మనిషి దగ్గరికి పని లేకుండా ఎవరొస్తారు, ఏదో సిఫార్సుకే వచ్చి ఉంటుందనుకున్నాను.

"మీరంటే మా వీధంతా హడలే మేడమ్," అంది. "మీరొస్తారనగా నెల ముందునుంచే మా అమ్మ పని మానుకుని మరీ నన్ను కూర్చోబెట్టేది. 'ఆవిడొచ్చి ఏం నేర్చుకున్నావంటే ఏం చెప్తావే? నా పరువు తియ్యకు' అనేది. పక్కింటివాళ్లూ అంతే, ఎదురింటివాళ్లూ అంతే. మీరెళ్లిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు."



కాసిని మంచినీళ్లు ఇవ్వండమ్మా.

పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అందరినీ అనుమానించాను గానీ, ఏటా ఆ గుమ్మాల్లో నిలబడ్డ నన్ను నేను అనుమానించలేదు. బడి పిల్లలు వెనకబడలేదేమో. మా రాకపోకల భయానికి బడి బయటి పిల్లలే పరిగెత్తి వాళ్లను అందుకున్నారేమో. "బడి పిల్లల ఇళ్లకూ వెళ్లాం కదండీ" అంటారు లెక్కలవాళ్లు. వెళ్లాం. కానీ ఆ తల్లులకు, బళ్లో చెబుతున్నార్లే అన్న ధీమా ఉంది. పేరు రాని పిల్లల తల్లులకది లేదు. ఇదీ అనుమానమే, రుజువు కాదు. ఒక్క మనిషి మాట పట్టుకుని తీర్పు చెబితే నా ఉద్యోగానికే సిగ్గుచేటు. అనుమానం తీరకుండా బడికి తాళం వేస్తే అంతకన్నా సిగ్గుచేటు. ఆ వీధులకు మళ్లీ వెళ్లి కనుక్కోవాలి. జీతం లేకపోయినా నేను వస్తాను.

అన్నట్టు, నా అనుమానం ఒకటి మాత్రం నిజమైంది. ఆమె సిఫార్సుకే వచ్చింది. "నాకెలాగూ ఆ రాత లేకపోయింది. మా పాపకు నాలుగేళ్లు నిండాయి, ఆ బళ్లో సీటిప్పించండి మేడమ్" అంది. అదెంత పని అని మాటిచ్చేశాను. బడి మూస్తున్నారన్న సంగతి ఆమె, నేను ఇద్దరం ఇందాక ఈ హాల్లోనే విన్నాం.

నా నోటిని, నా అనుమానాలను ఇన్నాళ్లు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. డైరెక్టరు గారూ, మూడో వరసలో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నది ఆమే. ఆమెకు జవాబు మీరే చెప్పండి. నాకిక సెలవు.