మీ పేరు పెట్టిన భవనం

అయిపోయిందండీ మీ భవనం ప్రారంభోత్సవం. రిబ్బను నా చేతే కోయించారు. ఆ కత్తెర ఎక్కడ దొరికిందో గానీ మహా మొండిది, నములుతుందే తప్ప తెగదు. చివరికి మన వైస్ ఛాన్సలరు పక్కనుంచి చెయ్యేసి లాగి తెంపేశాడు. ఫోటోలో మాత్రం నేనే కోసినట్టు పడుతుందిలెండి.

ఉండండి, ముందీ చెప్పులు విప్పనివ్వండి. కాళ్ళు పీకేస్తున్నాయి. వాళ్ళిచ్చిన పూలగుత్తి మీ కుర్చీలో పెట్టాను, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఖాళీగా ఉన్న కుర్చీ అదొక్కటే, మిగతావన్నీ కాగితాలే.

పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో చెక్కించారు. మీ పేరు, దాని కింద ‘శాస్త్రాల సంభాషణ కేంద్రం’ అని. సంభాషణట. మీరు ఫిజియాలజీ, నేను సాహిత్యం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ భోజనాల బల్ల దగ్గర మనం పోట్లాడుకోని రోజుందా? దానికెవరైనా ఒక బెంచీ అయినా వేయించారా? మీ నోటికి జడిసి కమిటీలన్నిట్లోంచీ మెల్లిగా మీ పేరు తీసేసిన పెద్దమనుషులే ఇవాళ మైకు పట్టుకుని, డిపార్ట్‌మెంట్ల మధ్య గోడలు బద్దలు కొట్టాలని ఒకటే ఊదర.

అక్కడ కుర్చీలెలా వేశారో చెప్పనా? వరసకొక డిపార్ట్‌మెంటు బోర్డు. నన్ను సాహిత్యం వరసలో కూలేశారు. మీ వాళ్ళందరూ అటు చివర. టీ బల్లలు కూడా ఎవరివి వాళ్ళవే. మీ లాబ్‌లో పనిచేసిన ఆవిడ కనిపిస్తే పలకరిద్దామని లేచానా, ఎవరో అమ్మాయి పరిగెత్తుకొచ్చి ‘మేడమ్, మీ టీ ఇటు’ అంది. నవ్వకండి. మీకన్నీ నవ్వులాటే.

సరే, అసలు సంగతి ఇది కాదు. పొద్దున్నుంచీ చెబుదామనుకుంటూ నీళ్ళు నములుతున్నాను. మన పిల్ల సంగతి.

మన పిల్ల అని మనం అనుకోవడమే గానీ మనం దానికి గైడ్లం, అంతేగా. సగం మీరు, సగం నేను. ఇలా ఒక పీహెచ్‌డీని ఇద్దరు రెండు డిపార్ట్‌మెంట్ల నుంచి చూడ్డం ఈ యూనివర్సిటీలో ఎప్పుడూ లేదని ఆఫీసులో ఒంటికాలి మీద లేస్తే, మీరు వెళ్ళి అంతకంటే గట్టిగా లేచారు. అప్పటికి ఒప్పుకున్నారు.

అసలదంతా మీవల్లే మొదలైంది. రేవులో పడవలు ఒడ్డుకి లాగేవాళ్ళ పాటలు నేను చదువుతున్నాను, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని రాసుకుంటోంది. ఈ పాదం ఇంత పొట్టిగా ఎందుకు ఆగిందో చూడు, పాట కట్టినవాడి చెవి ఎంత గొప్పదో అని నేను మురిసిపోతుంటే, మీరు పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా ‘చెవీ లేదు, గివీ లేదు. ఊపిరైపోయింది, ఆపేశాడు’ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండ్రోజులు మీతో మాట్లాడలేదు కూడాను. ఆ పిల్లే మధ్యలో దూరి, ‘ఎందుకు సార్ గొడవ, కొలిచి చూద్దాం’ అంది.

కొలవడమంటే మాటలా? ఊపిరి కొలిచే ఆ మాస్కు మూతికి తగిలించి పాడమంటే రేవులో వాళ్ళు పడీ పడీ నవ్వారట. ఒక పెద్దాయనైతే ‘నేను పడవకి పాడతాను గానీ నీ మిషనుకి పాడను’ అని వెళ్ళిపోయాడట. వానల్లో, ఎండల్లో ఆ రేవు చుట్టూ తిరిగి ఎలాగోలా సాధించుకొచ్చింది. ఏం తేలింది? ఊపిరి అయిపోయి ఆపడం లేదు వాళ్ళు. ఇంకా కాస్త మిగిలి ఉండగానే పాదం ఆపేస్తున్నారు. ఆ మిగిల్చుకున్న ఊపిరితో అందరూ ఒక్కసారి పడవ లాగుతున్నారు. ఎంత మిగల్చాలో పాట కట్టినవాడికి తెలుసు. అంటే మీరన్నదీ కాదు, నేనన్నదీ కాదు, రెండూ కలిస్తేనే నిజం.

ఆ రోజు మీరు భోజనం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కోకుండా, ఈ హాలంతా తిరిగారు. ‘ఇద్దరం ఓడిపోయామోయ్’ అన్నారు. అంత సంతోషంగా ఓడిపోయిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఆ చలికాలంలోనే మీ గుండె ఆగింది. థీసిస్ బైండు చేయించి తెస్తే తీసుకోవడానికి మీరు లేరు.

తర్వాత జరిగింది మీకు చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

రెండు డిపార్ట్‌మెంట్లు కదా, చెరో ఎగ్జామినరుకి పంపించారు. మీ వైపు ఆయన ఏం రాశాడో తెలుసా? ‘ఫిజియాలజీ భాగం సాధారణంగా ఉంది, సాహిత్య పరిశీలన మాత్రం అద్భుతం’ అని. నా వైపు ఆయన ఏమన్నాడూ, ‘సాహిత్య పరిశీలన సాధారణం, శాస్త్రీయమైన కొలతలు అమోఘం’ అన్నాడు. చూశారా? తనకి తెలిసినదాన్ని చప్పరించి పారేసి, తెలియనిదాన్ని నెత్తికెత్తుకున్నారు ఇద్దరూ. మరి మెచ్చుకున్నట్టేగా? కాదట. ఎవరి సబ్జెక్టు గురించి వాళ్ళు చెప్పిందే చెల్లుతుందట. ఆ లెక్కన రెండువైపులా ‘సాధారణం’. థీసిస్ తిరిగొచ్చింది.

ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు? మీ కేంద్రానికే వెళ్ళాను. అప్పటికి సున్నాలు కూడా ఆరలేదు. దానికి డైరెక్టరెవరనుకున్నారు, మీ శిష్యుడే, మీరు తలాడింపు అని పేరు పెట్టారే, అతనే. మనింట్లో ఎన్నిసార్లు తిన్నాడు, ఎంత చనువుగా వంటింట్లోకొచ్చేవాడు. రెండూ తెలిసిన మూడో మనిషికి పంపించవయ్యా, ఈ కేంద్రం ఉన్నదే అందుకు కదా అన్నాను. తలాడించాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ తలాడించాడు. చివరికేమన్నాడో తెలుసా? ‘రెండూ తెలిసినవారు ఒక్కరే ఉండేవారు మేడమ్. అందుకే కదా ఆయన పేరు పెట్టాం’ అన్నాడు.

థీసిస్ చంకన పెట్టుకుని లేచానండీ. నేను. అదీ వాడి ముందు.

పిల్లకి ఆ టర్ము దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఒక కాలేజీలో ఉద్యోగం ఈ డిగ్రీ కోసమే ఆపి పెట్టారు, ఎన్నాళ్ళని ఆపుతారు? దాని మొగుడు అప్పటికే మొహం చిట్లించుకుంటున్నాడు, ఇన్నేళ్ళు ఆ పడవల వెంట తిరిగి ఏం సాధించావని. ఈ చదువు లేకపోతే దానికి ఏమీ మిగలదు. ఆ సంగతి తలాడింపుకీ తెలుసు. తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. ‘ఒక్క డిపార్ట్‌మెంటు థీసిస్‌గా మార్చేయండి మేడమ్. సాహిత్యం అయితే గైడుగా మీ ఒక్క సంతకం చాలు. ఎవరూ అడ్డు చెప్పరు.’

అంటే మీ సగం తీసేయమని.

ఇంటికొచ్చి ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. గుండె రాయి చేసుకుని పిల్లని పిలిచి చెప్పాను. అది ఈ బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుని, ‘సార్ ఉంటే ఒప్పుకునేవారా మేడమ్?’ అంది. ఒప్పుకునేవారన్నాను. దాని కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పాను.

ఉత్త సాహిత్యం థీసిస్‌గా వెళ్ళి అది పాసైపోయింది. ఇవాళ అసలు తమాషా వినండి. ఆ సభలో వైస్ ఛాన్సలరు లేచి, మన కేంద్రం తరఫున మొట్టమొదటి పీహెచ్‌డీ ఈ అమ్మాయిది, శాస్త్రమూ సాహిత్యమూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్న పరిశోధన ఇది అని ప్రకటించాడు. పిల్లని లేచి నిలబడమన్నారు. అన్ని వరసల వాళ్ళూ చప్పట్లు కొట్టారు. మీ వాళ్ళు కూడా. ఒక్కడంటే ఒక్కడు ఆ థీసిస్ తెరిచి చూస్తేనా, అందులో శాస్త్రం ఎక్కడుందని అడిగితేనా. నేను కూడా కొట్టానండీ. ముందు వరసలో కూర్చుని కొట్టకపోతే బాగుండదు కదా.

ఇంకొకటి ఉంది. అది కూడా చెప్పేస్తాను.

తీసేయడం నా చేతులతో నేనే చేశాను. పిల్ల చెయ్యనంది. మీ పట్టికలూ, గ్రాఫులూ, మీరు ఎర్రసిరాతో దిద్దిన ఆ రెండు అధ్యాయాలూ అన్నీ తీసేశాను. తీసేస్తే మధ్యలో మాటలు అతకడం లేదు. ఊపిరి మిగిలుండగానే పాదం ఆపుతున్నారు అని రాయాలంటే రుజువేది? రుజువు మీ దగ్గరుంది. అందుకని మీ కొలతలున్న ప్రతిచోటా ‘బహుశా’ అని పెట్టాను. బహుశా ఊపిరి మిగిల్చుకుని కాబోలు, బహుశా అందరూ కలిసి లాగడానికి కాబోలు. పిల్ల ఎండలో నిలబడి కొలిచి తెచ్చిన నిజాన్ని, మీరు లేచి హాలంతా తిరిగిన ఆ నిజాన్ని, నేను ఊహ కింద మార్చేశాను. చదివితే మీకు కడుపు మండిపోతుంది.

మీరు ఒప్పుకోరని నాకు తెలుసు. ఎవడు మొహాన కొట్టినా సరే, ఆ థీసిస్‌ని అలాగే ఉంచమనేవారు. డిగ్రీ పోతే పోయిందనేవారు. పిల్ల బతుకు ఏమవుతుందని నేను అరిచేదాన్ని. తెల్లారేదాకా తేలేది కాదు. మీరు ఉంటే ఇంకో దారేదైనా దొరికేదేమో కూడా. నాకొక్కదానికి ఇదే తోచింది.

కోప్పడండి. ఏదో ఒకటి అనండి. మీరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డొస్తానని ఎప్పుడూ విసుక్కునేవారుగా, ఇవాళ రాను. ఎంతసేపన్నా వింటాను.