నెమ్మదిస్తే ఆగిపోయే పెళ్లికారు

తవిటినాయుడున్నాడే, బాడుగలకి పాత డీజిలు కారు తిప్పుతాడూ, ఆడు. ఆ కారుని ఎవులైనా ఏటైనా అంటే ఊరుకోడనుకో. ఆడి అక్క కూతురు గౌరికి పెళ్లి కుదిరితే, మేనమావని నేనుండగా పరాయోడి కారెందుకు, పిల్లని నేనే దింపుతానని బయల్దేరదీసినాడంట. పెళ్లి మగపెళ్లోరింటికాడ. రోడ్డు మీద కారు గుర్రంలాగే పోనాది. ఊరి మొగదల సన్నాయోళ్లు ఎదురొచ్చినారు. ఏటైందంటే, ఊరేగింపంటే నెమ్మదిగా ఎల్లాల కదా, నెమ్మది సేయగానే కారు ఖళ్లుఖళ్లున దగ్గి ఆగిపోనాది. మళ్లీ తీసినాడు, మళ్లీ ఆగిపోనాది. ఇలాక్కాదని తవిటినాయుడు నెమ్మది సేయడమే మానేసినాడంట. ఇంకేటుంది, పెళ్లికూతురు ముందు పరుగు, సన్నాయోళ్లు ఎనకాల పరుగు. డోలోడు డోలు నెత్తినెట్టుకుని పరిగెట్టినాడంట. నవ్వకండి, లోపల గౌరికి కళ్లల్లో నీళ్లు.

పెళ్లికొడుకు గుమ్మం ముందర బ్రేకు ఏసేసరికి మళ్లీ సచ్చి ఊరుకుంది. పెళ్లికొడుకు నాయనమ్మ సూరమ్మ అరుగు మీద కూకునుంది. గడప ముందర ఆగిపోనాదంటే ఈ పిల్ల కాలు మంచిది కాదు, ముహూర్తం ఆపండి అన్నాదంట. అందరూ ఒకల మొకాలొకలు సూసుకున్నారు. తవిటినాయుడు మాత్రం నా కారుకేటీ నేదు, బంకోడు డీజిల్లో నీళ్లు కలిపేసినాడంటాడు. అప్పుడు మగపెళ్లోరి సుట్టం, కార్లు బాగుసేసే పోలయ్య లేసొచ్చి, "వేగంగా ఎల్తే బాగుంటాదా?" అన్నాడు. మేనమావ నోరు తెరిసేలోగా గౌరే సెప్పింది, "బాగుంటాది. నెమ్మదిస్తేనే దగ్గుతాది."

"మరైతే డీజిలు తప్పు కాదమ్మా. డీజిల్లో నీళ్లుంటే వేగంలోనూ దగ్గుతాది" అని బానెట్టెత్తినాడంట. ఇంజను వొదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకే పంపే వాల్వొకటుంటాదంట. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది మూసుకోవాల. పోలయ్య వంటోళ్లకాడ నూనెడబ్బా రేకు కోసుకొచ్చి, ఆ పొగ దారికి అడ్డమెట్టి, "ఇప్పుడు తియ్యి" అన్నాడు. తీస్తే కారు పాలుతాగిన పిల్లలాగ కుదురుగా నిలబడింది. అప్పుడు వాల్వు ఊడదీసి సూపిస్తే, మసి గట్టిపడిపోయి మూత తెరుసుకునే ఉండిపోనాదంట. దాన్నట్టుకుని సూరమ్మకాడికే ఎల్లినాడు.

"పెద్దమ్మా, నువ్వు అడ్డసుట్ట కాలుస్తావు కదా, గాలి పీల్చకుండా పొగే మింగుతుంటే ఏటౌద్ది?"

"దగ్గొస్తాది. ఊపిరాడదు."

"దీనికీ అదే. పిల్ల కాలుది కాదు, మసిది తప్పు."

పోలయ్య మసి గీకి, డీజిలు గుడ్డతో తుడిసి, వాల్వు బిగించినాక, సూరమ్మే లేసెళ్లి గౌరి పక్కన కారెక్కి కూకుంది. గౌరి చెయ్యట్టుకుని, "ఊరేగింపు సరిగ్గా జరగనేదు. మళ్లీ మొగదల నించి రా, నాయుడూ. మెల్లగా" అన్నాదంట. ముహూర్తం తప్పనేదు.

అదీ సంగతి. ఇప్పుడు తవిటినాయుడినడగండి, ఆ మసి కనిపెట్టింది నేనేనంటాడు. ఔనని తలూపండి. మీ ఇళ్లల్లోనూ పెళ్లికెదిగిన పిల్లలున్నారు, ఊర్లో ఉన్నది ఆ ఒక్క కారే.