వేడిగాలి

దేవేంద్ర నగర్‌లోని ఆ ఇంట్లో జనవరి చలికి మధ్యాహ్నమైనా ఎవరూ స్వెటర్లు విప్పలేదు. కంప్యూటర్‌లో కొత్త ఆట పెట్టుకున్న కూతురు ఒకటే విసుక్కుంటుంటే, కల్యాణి వంటింట్లోంచి వచ్చింది.

"మళ్లీ ఏమైందే?"

"ఇంత పెద్ద గ్రాఫిక్స్ కార్డు, కొత్తది, కాసేపు ఆడితే చాలు గరం అయిపోయి ఆగిపోతోందమ్మా."

"దుకాణంవాడికి చూపించావుగా?"

"అక్కడ బిల్కుల్ బాగుంది. పొద్దంతా నడిపి చూశాడు. వేడంతా వెనకనుంచి బయటికి ఊదేస్తోందన్నాడు. ఇంటికి తెస్తేనే ఇలా."

"గోడకి ఆనించావేమో, ఇవతలికి జరుపు."

"జరిపాను. వెనక ఏమీ అడ్డం లేదు. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, గాలి మాత్రం బయటికి రావట్లేదు. ఎవరో చేతులు అడ్డం పెట్టినట్టు."

కల్యాణి కంప్యూటర్ వెనకవైపు చూసింది.

"మీ నానమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చునేది," అంది.

"తెలుసు. పాత కార్డు వేడికి అరచేతులు కాచుకునేది. నేను ఆట ఆపితే తిట్టేది. కానీ ఇది నానమ్మ పోయాకే కదమ్మా కొన్నాం?"

"పోయేరోజు దాకా చలి, చలి అంటూనే ఉంది."

కల్యాణి వంగి, కేబినెట్ వెనక చెయ్యి పెట్టింది.

"గాలి తగుల్తోందా?"

"లేదు."

"మరి చెయ్యి తియ్యవేం?"

"నా చేతికి చోటిచ్చి, పక్కకి జరిగాయి."

"ఏవి?"

"ఆట ఆపకు," అంది కల్యాణి, చెయ్యి తియ్యకుండానే. "ఆవిడ పీట అటక మీద పడేశాను. ముందు వెళ్లి అది దించు."