ఇంద్రాణికి విశ్రాంతి

"...అంతేనా? నవ్వమన్నారా?"

"అవును వదినె. గుండ్రంగా నిలబెట్టి, చేతులు పైకెత్తి హహ్హహ్హ అని నవ్వమన్నారు. నవ్వు రాకున్నా వచ్చినట్లు నవ్వాలంట. కొంచేపటికి నిజం నవ్వే వస్తుందంట."

"వచ్చిందా?"

"దగ్గు వచ్చింది."

ఊరి పనులు చేసి చేసి అలసిపోయిన ఆడ లీడర్ల కోసం ఏర్కాడు కొండ మీద పెట్టిన సంతోషం క్యాంపు ముగించుకుని, వెల్లిచందై ఆడవాళ్ళ సంఘం లీడరు ఇంద్రాణి పాలకోడులో బస్సు దిగింది. ఎదురొచ్చిన ఆడబిడ్డ గోపమ్మతో కలిసి ఊరికి పోయే టౌన్ బస్సు కోసం బెంచీ మీద కూర్చుంది. ఎవరింట్లో కుండ పగిలినా తానే అతకాలనుకునే మనిషి ఇంద్రాణి. తాను లేని ఈ మూడు రోజులూ ఊరు ఎంత అల్లాడిపోయిందో వినాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"ఇంకేమి నేర్పించినారు?"

"పొద్దున్నే అద్దం ముందర నిలబడి 'నేను మంచిదాన్ని, నాకూ విశ్రాంతి కావాల' అని చెప్పుకోవాలంట."

"పొద్దున్నే అద్దం ముందర మా తమ్ముడు గడ్డం గీసుకుంటా ఉంటాడే."

"ఆయన్ను పక్కకు జరగమనేది కూడా సెల్ఫ్ కేర్ అంట."

"అయితే పనికొచ్చేది ఆ ఒక్కటే. మళ్ళ?"

"చెన్నై నుంచి వినోదిని మేడం వచ్చింది. మంచి మనిషి పాపం. 'ఊరికంతా పెట్టి పెట్టి ఎండిపోయినారు, మీకు మీరు ఏమి పెట్టుకున్నారు?' అని అడిగింది. అందరూ ఏడ్చినారు."

"నువ్వు?"

"నేను వాళ్ళకు నీళ్ళు తెచ్చిచ్చినాను."

"అద్దో! అదే అనుకున్నా."

"మళ్ళ చార్టు ఇచ్చి, మీ సంతోషం ఏందో బొమ్మ వేయండి అనింది. ఒకామె నెమలి వేసింది. ఒకామె మనవడిని వేసింది."

"నువ్వేమి వేసినావు?"

"నేను ఏదో..."

"చెప్పమ్మే."

"కొళాయి."

"కొళాయా! సంతోషం బొమ్మ వేయమంటే కొళాయి వేసినావా?"

"నీళ్ళు వచ్చేటట్లే వేసినాను కదా వదినె."

"తల్లీ, నీకు మొక్కాల."

"సరి, నా కథ వదులు. ఊర్లో ఎట్లుంది? అక్కడ ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకున్నారు. వచ్చేటప్పుడు తీసి చూస్తే ఒక్క మిస్డ్ కాల్ లేదు. కొండమీద టవర్ లేదేమో."

"లేదేమో."

"పక్కామెకు మాత్రం వరసగా వచ్చిండాయి."

"ఆమెది వేరే సిమ్ ఏమో."

"సోమవారం కూటం జరిగిందా?"

"జరిగింది... జరిగిందనే అనుకో."

"అనుకునేదేంది? సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చే దినం కదా. మీనాక్షమ్మ పింఛను అర్జీ ఎవురు తీసకపోయినారు?"

"ఆమే తీసకపోయింది."

"ఆమే అంటే?"

"మీనాక్షమ్మే."

"ఏ వరసలో నిలబడాలో కూడా తెలీదే ఆమెకు!"

"అడిగి తెలుసుకునింది. నోరుంది కదా."

"నేను లేకుండా... సరి. అవును వదినె, నీ తల ఎందుకట్ల జిడ్డుగా ఉంది? గొంతు కూడా పోయింది. మొహమంతా నల్లబడింది."

"ఎండమ్మే."

"ఎండకు తలలో నూనె పుడుతుందా?"

"ఈ బస్సు రాలేదే ఇంకా..."

"వదినె."

"పోయినాము లే. హొగెనకల్ జలపాతం కాడికి పోయినాము."

"ఎవురెవురు?"

"అందరమూ."

"సంఘమంతానా? నన్ను వదిలిపెట్టా?"

"ఒకరికొకరు నూనె పట్టించుకున్నాము. ధార కింద నిలబడి గొంతు పోయేదాకా అరిచినాము. సరసు అరుపుకు పుట్టి తిప్పేవాడు తెడ్డు వదిలేసినాడు. వేయించిన చేపలు వేడి వేడిగా తిన్నాము. మమ్మల్ని ఎవురూ నవ్వమనలేదమ్మే. అయినా నవ్వినాము."

"నేనూ తీసకపోతా, తీసకపోతా అని చెప్తానే ఉండాను కదా!"

"తీసకపోయినావు ఒకసారి. బస్సులో మైకు పట్టుకుని రక్తహీనత గురించి చెప్పినావు. దిగినాక ఆడవాళ్ళ చట్టాలు చెప్పినావు. నీళ్ళలో కాలు పెట్టేలోపల పొద్దు గూకింది. వెనక్కి తోలుకొచ్చేసినావు."

"అదంతా మీ మంచికే కదా."

"మంచికే. ఆ మంచితోనే మాకు ఊపిరాడలేదు."

"ఉండు, ఉండు. క్యాంపుకు నా పేరు ఇచ్చింది ఎవురు?"

"మేమే. 'మా లీడరు శానా అలసిపోయింది మేడం' అని క్యాంపు వాళ్ళకు అందరం కలిసి చెప్పినాము. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయినాయి."

"కడుపు మండుతా ఉంది వదినె. నేను మీకు అంత బరువైపోయినానా?"

"బరువు మాకు కాదమ్మే, నీకు. ఆపొద్దు కలెక్టరాఫీసు వాకిట్లో పడిపోయినావే, మతికి ఉందా? నీ తల నా ఒళ్ళో ఉండె. కండ్లు తెరిచి నువ్వు అడిగింది ఏందో తెలుసా? 'సరసు రేషన్ కార్డు ఇచ్చినారా' అని. ఇంకొకసారి ఇట్ల పడితే లేస్తుందని చెప్పలేను అన్నాడు డాక్టరు. నాకు ఉండేది ఒక్క తమ్ముడు, వాడికి ఉండేది నువ్వు. ఆ దినం నుంచి నాకు నిద్ర లేదు."

"పనులు మరి ఎవురు చేస్తారు?"

"ఏటేటా నువ్వు 'లీడరు పని వదిలేస్తా' అనాల. మేము 'అయ్యో వద్దు' అనాల. నువ్వు కండ్లు తుడుచుకుని మళ్ళ కూర్చోవాల. ఈ ఏడు ఆ బాగోతం లేదు."

"లేదంటే?"

"హొగెనకల్లో చేతులెత్తినాము."

"దేనికి?"

"కొత్త లీడరుకు."

"నూనె తలలతోనా!"

"నూనె నానేదాకా ఊరికే కూర్చోవాల కదా. ఊరికే ఎందుకని."

"ఎవురు? సరసా?"

"సరసు కాదు."

"మీనాక్షమ్మా?"

"బస్సు వస్తా ఉంది చూడు."

"అది మారండహళ్ళి బస్సు. ఎవురు వదినె?"

"...నేనే."

"నువ్వా!"

"వద్దు వద్దంటే వినలేదు. నిన్ను ఎదిరించే నోరు నా ఒక్కదానికే ఉందంట. ఏమ్మే, నవ్వుతా ఉండావా, ఏడుస్తా ఉండావా?"

"రెండూ వస్తా ఉండాయి. ఇన్నేండ్లు మోసినాను వదినె. దించుకునేదానికి నొప్పిగానే ఉంది. అయితే ఇంక అంతా నీదేనా? అర్జీలు, బ్యాంకు, వచ్చేవాళ్ళు, పొయ్యేవాళ్ళు?"

"అంతా నాదే. నువ్వు వెనక చాపమీద కూర్చో. అడిగితేనే మాట్లాడు."

"నేను ఇదివరకే ఒప్పుకున్నవి?"

"నువ్వేమి ఒప్పుకునిండినా నేను చూసుకుంటా. నీ తలమీద గడ్డిపోచ కూడా ఉండకూడదు."

"ఒట్టా?"

"మారియమ్మ తోడు."

"ఇప్పుడు గుండె చల్లబడింది. ఆ క్యాంపులో సాంబారు నోట్లో పెట్టేదానికి లేదు వదినె. పాపం, అందరూ మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. నాకు ఉండబట్టలేదు. లేచి, 'వచ్చే క్యాంపు మా ఊర్లో పెట్టండి, అంతా మేం చూసుకుంటాం' అనేసినాను. మేడం చప్పట్లు కొట్టించింది."

"ఏమనేసినావు?"

"వచ్చే నెలే. నలభైమంది లీడర్లు. పడకలు, వేన్నీళ్ళు, మూడు పూటలా వంట. 'బాధ్యత: వెల్లిచందై సంఘం లీడరు' అని రాసుకునింది."

"ఏమ్మే ఇంద్రాణీ..."

"భయపడొద్దు వదినె. మరీ అలసిపోయినావంటే చెప్పు, నీకూ ఒక క్యాంపు చూస్తాను."